రెండు తోకల పోగు

చైతన్యపురిలో మేముండే ఫ్లాటుకు చాలా ఏళ్ళ తర్వాత రంగులు వేయించాం. హాల్లో ఒక్క గోడకైనా ముదురు నీలం ఉండాలని పిల్లలు పట్టుబట్టారు. ఎల్బీనగర్ రింగురోడ్డుకు పోయే దారిలో ఒక దుకాణానికి వెళ్ళి, షేడ్ కార్డు తిరగేసి నంబరు చెప్పాం. కుర్రాడు బేస్ డబ్బా మూత తీసి మెషిన్ కింద పెట్టాడు. కంప్యూటర్లో నంబరు కొట్టగానే సన్నటి ముక్కుల్లోంచి నీలం, నలుపు ధారలుగా దిగాయి. నాలుగు లీటర్ల డబ్బాలో పడింది మహా అయితే గ్లాసెడు. మూత బిగించి, డబ్బాను కుదిపే యంత్రంలో పెట్టి గడగడలాడించి చేతికిచ్చాడు.

ఇంటికొచ్చి తెరిస్తే రంగు మజ్జిగలా ఉంది. రోలరు ముంచి ఎత్తితే బొటబొటా కారింది. గోడ మీద రెండు వరుసలు లాగేసరికి తలుపు పక్కన ఒక నీలపు చార నేల దాకా జారింది. కల్తీ అంటగట్టారనుకుని నేను దుకాణానికి ఫోను చేసి గొంతు పెంచబోయాను. పెయింటర్ అడ్డుపడ్డాడు.

"కల్తీ గిల్తీ ఏం లేదు సార్. మెషిన్ల కలర్ ఎక్కువ పడితే గిట్లనే పల్చగైతది. ముదురు షేడ్‌కి నేనసలు నీళ్ళే కలప."

ఆ మాట నిజమో కాదో చూద్దామని, పక్క గదికి తెచ్చిన తెల్ల డబ్బా తెరిచాం. అదే కంపెనీ, అదే రకం. కర్ర గుచ్చితే మీగడ పెరుగులో గుచ్చినట్టు నిలబడింది. నాలుగు లీటర్లలో గ్లాసెడు కలిపితే ఇంత తేడానా? గ్లాసెడు నీళ్ళు పోసినా ఇంత పల్చబడదే! దుకాణం సంగతి వదిలేసి ఈ ప్రశ్న పట్టుకున్నాను. జవాబు వెతుక్కుంటూ పోతే దారి 1943 నాటి కేంబ్రిడ్జికి తీసుకెళ్ళింది. అక్కడ రంగూ లేదు, గోడా లేదు. పాలలా ఉన్న ఒక ద్రవం మాత్రం ఉంది.

ఆ ద్రవం సంగతికి ముందు ఇంట్లో డెట్టాల్ సీసా చూడండి. సీసాలో తేనె రంగులో తేటగా ఉంటుంది. మూతెడు బకెట్లో పోయగానే నీళ్ళు పాలలా తెల్లబడతాయి. నూనెను తనలో ఇముడ్చుకుని తేటగా ఉన్న మిశ్రమం, నీళ్ళు ఎక్కువవగానే పట్టు తప్పి తెల్లటి ఎమల్షన్‌గా మారుతుంది. తెలుపు కనబడిందంటే నూనె బొట్లు వెలుతురును చెదరగొట్టేంత పెద్దవయ్యాయన్నమాట.

కేంబ్రిడ్జిలో టి.పి. హోర్, జె.హెచ్. షుల్మన్ చేసింది దాదాపు దీన్ని తిరగేసిన పని. నూనె, నీరు, సబ్బు కలిపిన తెల్లటి ఎమల్షన్‌లో మధ్యరకం ఆల్కహాలు కొద్దికొద్దిగా చేరుస్తూ పోతే, ఒక దశలో పాలు మాయమై ద్రవం తేటపడింది. అంటే నూనె, నీరు విడిపోలేదు సరికదా, ఒకదానిలో ఒకటి కంటికే కాదు, వెలుతురుకూ ఆననంత చిన్న బొట్లుగా విడివడ్డాయి. 1943లో 'నేచర్' పత్రికలో ఆ ఫలితం అచ్చయింది. పేరు మాత్రం పదహారేళ్ళ తర్వాత గానీ దొరకలేదు. 1959లో షుల్మన్, స్టోకెనియస్, ప్రిన్స్ కలిసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఆ బొట్లను చూపించిన వ్యాసంలో మైక్రోఎమల్షన్ అన్న పేరు వచ్చింది. ఆ పేరు మీద నాకు కొంచెం ఫిర్యాదుంది. మైక్రో అనగానే మామూలు ఎమల్షన్‌నే ఇంకా నూరి సన్నం చేశారనిపిస్తుంది. సంగతి అది కాదు. మామూలు ఎమల్షన్ ఎంత గిలక్కొట్టినా ఎప్పటికో అప్పటికి విరగాల్సిందే. మైక్రోఎమల్షన్‌ను గిలక్కొట్టే పనే లేదు. పాళ్ళు కుదిరితే తనంతట తాను ఏర్పడుతుంది, వేడి మారనంతవరకు అలాగే ఉంటుంది.

బొట్టు ఎంత చిన్నదో నానోమీటర్లలో చెబితే బుర్రకెక్కదు. మన ఏరియా కొలతలో చెబుతాను. ఒక మిల్లీలీటరు నూనె, అంటే చెంచాలో అయిదో వంతు తీసుకుని, 6 నానోమీటర్ల వ్యాసార్థం ఉన్న బొట్లుగా చేస్తే వాటి పైతలమంతా కలిపి 500 చదరపు మీటర్లు. గజాల్లో సుమారు 600. ఎల్బీనగర్లో రెండొందల గజాల ప్లాట్లు మూడు! అంత తలం మీదా నూనెకూ నీటికీ మధ్య సబ్బుజాతి అణువులు బారులు తీరి నిలబడాలి. వీటిని సర్ఫాక్టెంట్లంటారు. తల నీటిలో, తోక నూనెలో. అందుకే మైక్రోఎమల్షన్లకు సర్ఫాక్టెంటు అంత ఎక్కువ కావాలి, అందుకే ఖరీదు.

తేటగా ఉంటుంది, విరగదు, నీటిలో కరగని మందును నూనె బొట్టులో దాచి మోస్తుంది. ఒక్కటే లోపం, నీళ్ళలా పారుతుంది. చర్మానికి రాస్తే నిలవదు, గోడకు కొడితే జారుతుంది. నూనె పాలు ఎక్కువ లేకపోతే, బొట్లు ఒకదాన్నొకటి పట్టుకోవు గనుక, చిక్కదనం ఎక్కణ్ణుంచి వస్తుంది?

చిక్కదనం తెప్పించడం మన ఇళ్ళలో ఎవరికి తెలియదు! గంజి ఉంది, రాగి అంబలి ఉంది, చారులో కలిపే బియ్యప్పిండి ఉంది. అన్నిట్లోనూ పని చేసేది పొడవాటి అణువు. పిండి పదార్థపు గొలుసులు వేడికి విచ్చుకుని, ఒకదాన్లో ఒకటి మెలికపడి నీటిని కదలనివ్వవు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో నీళ్ళ రంగులు మార్కెట్టుకొచ్చినప్పుడు కంపెనీలు పట్టుకున్నదీ ఈ దారినే. కర్రగుజ్జు సెల్యులోజును కాస్త మార్చి నీటిలో కరిగేలా చేసిన హైడ్రాక్సీఇథైల్ సెల్యులోజు రంగులకు గంజి అయింది. చవక, తేలిక. కానీ దాని లోపాలు పెయింటర్ల ఒంటి మీదే కనబడేవి. రోలరు తిప్పితే సన్నటి తుంపర లేచి మొహాన పడేది, ఎందుకంటే పొడుగు గొలుసు సాగి, దారమై, తెగి చిందుతుంది. బ్రష్షు కింద మరీ పల్చబడి పూత పలచగా పడేది, వదలగానే వెంటనే బిగుసుకుని బ్రష్షు గీతలు అలాగే నిలిచిపోయేవి. పైగా అది తిండి పదార్థానికి చుట్టమే గనుక సూక్ష్మజీవులకు ఇష్టం. మూత సరిగా పెట్టని డబ్బా కుళ్ళు వాసన కొట్టి నీళ్ళయిపోవడం వెనక, గొలుసులను కొరికేసే ఎంజైములుంటాయి.

పొడవు పెంచకుండా చిక్కదనం తేవడమెలా? దీనికి జవాబు అమెరికాలో రెండు కంపెనీల నుంచి వచ్చింది. ఫిలడెల్ఫియాలోని రోమ్ అండ్ హాస్‌లో ఎమన్స్, స్టీవెన్స్ పొట్టి పాలిమర్ తీసుకున్నారు. నీటిని ఇష్టపడే పాలీఇథిలీన్ ఆక్సైడు పోగు, దానికి నీరు గిట్టని నూనెజాతి తోకలు. యురెథేన్ లంకెలతో అతికించారు. వారి పేటెంటు 1978 నాటిది. హెర్క్యులిస్ కంపెనీలో లాండోల్ పాత సెల్యులోజునే పట్టుకుని, దానికి అక్కడక్కడ పొడవాటి నూనె తోకలు తగిలించాడు. 1980లో పేటెంటు, 1982లో వ్యాసం. తోకలు బరువులో నూటికి ఒకటి రెండు పాళ్ళుంటే చాలు, చిక్కదనం ఎన్నో రెట్లయింది. ఇంకాస్త ఎక్కువయితే సెల్యులోజు నీటిలో కరగనే కరగదు. పులుసులో ఉప్పు వంటి లెక్క. ఇలాంటి సబ్బు-పాలిమర్లను రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఉల్రిక్ స్ట్రాస్ 1950లలోనే తయారుచేసి చూశాడు. అయితే అప్పుడు వాటిని చిక్కబరిచే సరుకుగా చూసినవాళ్ళు లేరు.

తోకలు చేసే పని చెప్పాలంటే దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళ సందులోకి రావాలి. గ్రూప్స్ అని, ఎస్సై అని, బ్యాంకు అని ఊళ్ళనుంచి వచ్చిన పిల్లలు ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉంటారు. బట్టలు ఆరేయడానికి బాల్కనీ నుంచి ఎదురు బాల్కనీకి దండేలు కడతారు. పైకి చూస్తే ఆకాశం కనబడదు, అంతా అల్లిక. ఒక్కో దండెం పెద్ద పొడవేం కాదు. కానీ రెండు కొసలూ వేర్వేరు బాల్కనీలకు కట్టుంటాయి గనుక సందు మొత్తం ఒకే వల. రెండు తోకల పాలిమర్ అదే దండెం. తోకలకు నీరు పడదు, కాబట్టి దగ్గర్లో నూనె ఎక్కడుంటే అక్కడ దూరతాయి. రంగులో అయితే రెసిన్ రేణువుల మీద వాలతాయి, మైక్రోఎమల్షన్‌లో నూనె బొట్టులో మునుగుతాయి. ఒక తోక ఈ బొట్టులో, రెండో తోక పక్క బొట్టులో పడితే వంతెన. రెండూ ఒకే బొట్టులో పడితే? ఒకే బాల్కనీ కమ్మీకి రెండు కొసలూ కట్టిన తాడు. బట్టలు ఆరేయవచ్చేమో గానీ ఇద్దరిని కలపదు.

రంగు డబ్బాలో ఇదంతా జరుగుతోందని నిరూపించడం కష్టం. అందులో రెసిన్, తెల్ల పొడి, సుద్ద, సబ్బులు, గ్లైకాల్, బూజు పట్టకుండా వేసే మందు, అన్నీ ఉంటాయి. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో తేల్చలేం. అందుకే భౌతికశాస్త్రవేత్తలకు మైక్రోఎమల్షన్ వరమైంది. బొట్లన్నీ దాదాపు ఒకే సైజు. ఎన్ని బొట్లుండాలో, ఎంత దూరంలో ఉండాలో మనమే నిర్ణయించుకోవచ్చు. తేటగా ఉంటుంది గనుక వెలుతురు, న్యూట్రాన్లు పంపి లోపల తొంగి చూడొచ్చు. పాలిమర్ ఎంత వేస్తే ఒక్కో బొట్టుకు సగటున ఎన్ని తోకలు వస్తాయో కాగితం మీద లెక్కేసుకోవచ్చు. రంగుల పరిశ్రమ ముందు సరుకు అమ్మేసింది. అది ఎందుకు పనిచేస్తుందన్నది తేటనీళ్ళలో వెనక తేలింది.

స్వీడన్‌లోని లండ్‌లో బాగర్-యార్గెన్సన్, థురెసన్, ఊల్ఫ్ ఓల్సన్ బృందం డెకేన్ అనే నూనె బొట్ల మైక్రోఎమల్షన్‌లో రెండు తోకల పాలిమర్ వేసి 1997లో ఫలితాలు ప్రచురించింది. ఫ్రాన్స్‌లోని మోంపెల్లియేలో పోర్త్, అప్పెల్ వాళ్ళు ఆ పనిని ఏళ్ళ తరబడి సాగించారు. వాళ్ళ బొట్టు వ్యాసార్థం సుమారు 6 నానోమీటర్లు. దాని చుట్టూ కాపలా కాసే సర్ఫాక్టెంటు సెటైల్ పిరిడినియం క్లోరైడు. గొంతునొప్పికి చప్పరించే కొన్ని బిళ్ళల్లో, మౌత్‌వాష్‌లలో ఉండేది ఇదే. పాలిమర్ అణుభారం 10,000, రెండు కొసలా 12 కార్బన్ల తోకలు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకుంటే ముచ్చటగా ఉంటుంది. ద్రవంలో నూటికి పదిపాళ్ళు బొట్లే ఉంటే, పక్కపక్క బొట్ల అంచుల మధ్య ఖాళీ 8, 9 నానోమీటర్లు. నీటిలో వదులుగా చుట్టుకున్న ఆ పాలిమర్ ఒక కొస నుంచి మరో కొసకు ఉండే దూరం 10 నానోమీటర్ల దరిదాపు. సందు వెడల్పు, దండెం పొడవు సరిపోయాయి! బొట్లు ఇంకా తక్కువయితే సందు వెడల్పవుతుంది, తాడు అందదు, కొసలు రెండూ ఒకే కమ్మీకి చుట్టుకుంటాయి. అలాంటి పల్చటి మిశ్రమంలో మరో విచిత్రం కూడా చూశారు. ద్రవం రెండుగా విడిపోయింది. వంతెనలు కట్టుకోవాలంటే దగ్గరగా ఉండాలి గనుక బొట్లు ఒక మూలకు గుమిగూడి చిక్కటి పొర అయ్యాయి. మిగతాది నీళ్ళలా పైన తేలింది.

సరిపడా బొట్లున్న మిశ్రమంలో పాలిమర్ కొద్దికొద్దిగా పెంచుతూ పోతే మొదట్లో పెద్దగా మార్పుండదు. జంటలు, చిన్న గుంపులు ఏర్పడతాయంతే. బొట్టుకు ఇన్ని తోకలన్న ఒక హద్దు దాటగానే గుంపులన్నీ కలిసి పాత్ర ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకే అల్లిక అవుతుంది. అక్కణ్ణుంచి చిక్కదనం ఎగబాకుతుంది. చూడ్డానికి మాత్రం ఇప్పటికీ తేటనీళ్ళే. సీసా వంచితే జెల్లు.

అయితే ఈ దండేలకు ముళ్ళు శాశ్వతం కావు. వేడికి అణువులు ఎప్పుడూ కదలాడుతుంటాయి గదా, తోక బొట్టులోంచి జారి బయటపడుతుంది, మరో బొట్టులో దూరుతుంది. కాసేపు పట్టుకుని వదిలేసే వల ఎలా ప్రవర్తిస్తుందో గ్రీన్, టొబోల్‌స్కీ 1946లోనే రబ్బరు గురించి ఆలోచిస్తూ సిద్ధాంతం రాశారు. 1992లో ఫుమిహికో తనాకా, శామ్ ఎడ్వర్డ్స్ దాన్ని ఇలాంటి పాలిమర్లకు మలిచారు. ఆ ఎడ్వర్డ్స్‌దీ కేంబ్రిడ్జే. మరుసటి ఏడు అన్నబుల్, సహచరులు కొలిచి చూపారు. ఈ ద్రవాలకు సడలే కాలం దాదాపు ఒక్కటే ఉంటుంది, అది తోక ఎంతసేపు మునిగి ఉంటుందన్న దాని మీద ఆధారపడుతుంది. తోకకు రెండు కార్బన్లు పెంచితే ఆ కాలం రెండు పాళ్ళు పెరగదు, కొన్ని రెట్లవుతుంది. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లానికి 12 కార్బన్లు, నెయ్యిలోని స్టియరిక్ ఆమ్లానికి 18. కొబ్బరి తోక ఇట్టే జారిపోతుంది, నేతి తోక తీరిగ్గా కూచుంటుంది.

దీంతో పెయింటర్ బాధ కూడా తీరింది. రోలరు కింద తాళ్ళు ఊడతాయి, తెగవు. పాత పొడుగు గొలుసులా సాగి చిందవు. రోలరు ఎత్తాక మళ్ళీ కట్టుకునేలోగా పూత చదునవుతుంది.

మరి ఈ వలను గట్టిగా లాగితే ఏమవుతుందో చూడాలన్న ఆలోచన మోంపెల్లియేకే వచ్చింది. 2009లో తబుతో, లిగూర్ మొదలైనవాళ్ళు ఈ జెల్లు చుక్కను సన్నటి గొట్టం నుంచి వేలాడదీశారు. నీటిచుక్కయితే మెడ సన్నబడి తెగిపడుతుంది, తేనె అయితే తీగ సాగుతుంది. ఇది రెండూ కాదు. ఒక పక్కన పగులు పుట్టి, అడ్డంగా పాకి, గాజుముక్కలా పుటుక్కుమంది. తోకలు జారి మళ్ళీ కట్టుకునే లోపే లాగుడు ముందుకు పోతే ద్రవం కూడా పగులుతుందన్నమాట. ఫోటోల్లో ఆ పగులు అంచు చూస్తే, పారేదానికి ఇంత పౌరుషమా అనిపించింది నాకు.

మళ్ళీ మా నీలం డబ్బా దగ్గరికి. మెషిన్‌లో ఉండే రంగు ముద్దలో రంగుపొడి నీటిలో కలవడానికి సర్ఫాక్టెంట్లు దండిగా పోస్తారు. ముదురు షేడంటే ముద్ద ఎక్కువ, ముద్ద ఎక్కువంటే సర్ఫాక్టెంటు ఎక్కువ. ఆ అణువులు గుంపులు కట్టి మైసెల్లులనే చిన్నచిన్న నూనె గూళ్ళవుతాయి. పాలిమర్ తోకలకు కొత్త బాల్కనీలన్నమాట. మేలే కదా అనిపిస్తుంది. మొదట్లో మేలే, చిక్కదనం పెరుగుతుంది కూడా. లెక్క తర్వాత తిరగబడుతుంది. పది దండేలంటే ఇరవై కొసలు. ఆరు స్తంభాలుంటే ఒక్కోదానికి మూడు పైచిలుకు కొసలు, వల అల్లుకుంటుంది. అవే పది దండేలకు నలభై స్తంభాలు పాతండి. ఒక్కో కొసకు ఒక్కో స్తంభం దొరుకుతుంది, సగం స్తంభాలు ఖాళీగా మిగులుతాయి. తాళ్ళన్నీ ఉన్నాయి, కట్టే ఉన్నాయి, కానీ వల లేదు. గ్లాసెడు నీళ్ళు చేయలేనిది గ్లాసెడు రంగు చేసింది ఇందుకే. మోంపెల్లియే వాళ్ళు బొట్టుకు ఎన్ని తోకలని లెక్కేసిన సంఖ్యే మా గోడ మీద చారై దిగింది.

ఈ నూనె తోకలకూ మన పక్కకూ చుట్టరికం లేకపోలేదు. ఎల్బీనగర్ చౌరస్తా నుంచి సాగర్ రోడ్డు పట్టుకున్నా, విజయవాడ హైవే పట్టుకున్నా నల్లగొండ జిల్లా వస్తుంది. అటు పాలమూరు, ఇటు నల్లగొండ మెట్టచేలలో ఆముదం పాత పంట. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లానిది 18 కార్బన్ల గొలుసే, మధ్యలో ఒక వంకర, ఒక హైడ్రాక్సిల్ అదనం. ఆ నూనెకు ఇథిలీన్ ఆక్సైడు పోగులు తగిలిస్తే మంచి సర్ఫాక్టెంటవుతుంది. నీటిలో కరగని సైక్లోస్పోరిన్ మందును 1990లలో మైక్రోఎమల్షన్‌గా మలిచినప్పుడు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు మింగే ఆ గొట్టపు బిళ్ళలో బొట్లను నిలబెట్టింది ఆముదం నుంచి చేసిన సర్ఫాక్టెంటే. 1944లో నిజాం కాలపు కేంద్ర ప్రయోగశాలగా మొదలైన తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, నూనెల మీద, పూతల మీద దశాబ్దాలుగా పనిచేస్తూనే ఉంది. చిన్నప్పుడు పండక్కి తలకు ఆముదం పెడుతుంటే జిడ్డని పారిపోయినవాణ్ణి, ఇప్పుడు దాని కార్బన్లు లెక్కపెడుతున్నాను.

కోస్తా వైపు చెప్పాలంటే రొయ్య పొట్టు ఉంది. దాన్నుంచి తీసే కైటోసాన్‌కు నూనె తోకలు తగిలించి, మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో డౌలింగ్, శ్రీనివాస రాఘవన్ బృందం 2011లో రక్తంలో కలిపి చూసింది. రక్తకణం పొర కూడా కొవ్వే గదా. తోకలు వెళ్ళి కణాల్లో గుచ్చుకున్నాయి, రక్తం జెల్లులా గట్టిపడి కారడం ఆగింది. అదే దండెం, బాల్కనీలే మారాయి.

పెయింటర్‌కు ఇవన్నీ చెప్పలేదనుకోకండి. టీ తాగుతూ దండేల దాకా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"అయితే కలర్ కొట్టిచ్చేటప్పుడే లేత షేడ్ తీసుకోవాలె సార్," అన్నాడు గ్లాసు కింద పెడుతూ. "మీరేమో పిల్లల మాట విన్నరి."

నీళ్ళు చుక్క కలపకుండా, రోలరును ట్రేలో గట్టిగా ఒత్తి, పల్చపల్చగా మూడు కోట్లు వేశాడు. రెండింటికే కూలి మాట్లాడుకున్నాం, మూడోదానికి అడిగాడు, ఇచ్చాను. గోడ బాగానే వచ్చింది. తలుపు పక్కన మొదటిరోజు జారిన చార మాత్రం ఉప్పుకాగితం పెట్టి రుద్దినా సన్నటి గట్టులా మిగిలింది. దాని మీద క్యాలెండరు తగిలించాం.